యుద్ధరంగమున సైనికుని జీవన నాణ్యత: పూర్వజీవిత ప్రభావము

శత్రువునకు ఎదురుగా నిలిచిన సైనికుని నిత్యజీవనము సహ్యముగా నున్నదా, దుస్సహముగా నున్నదా అను ప్రశ్నకు సమాధానము అతని చుట్టునున్న పరిస్థితులలోనే, అనగా కందకములోని బురదలోను, అందు ఆహారములోను, లభించు నిద్రలోను, పడు గుండ్ల సంఖ్యలోను వెదకుట చిరకాలముగా ఆచారమై యుండెను. అయితే ఒకే కందకములో ఒకే వానకు తడియుచు ఒకే రొట్టెను పంచుకొని తిను ఇరువురిలో ఒకడు నిబ్బరముగా నిలువగా, రెండవవాడు దినదినము కృశించుటను 1914 నుండి సేనానాయకులును, వైద్యులును, వారి వెనుక సాంఘిక శాస్త్రజ్ఞులును గమనించుచు వచ్చిరి. పుట్టిన ఊరు, పెరిగిన శీతోష్ణస్థితి, మతము, కులము, చదువు, వృత్తి, వయస్సు, వివాహము, ఇంటనున్న భూవసతి, మాతృభాష అనునవి సైన్యములో చేరిన నాటితో తుడిచిపెట్టుకొని పోవు విషయములు కావు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1995లో ప్రకటించిన నిర్వచనము ప్రకారము జీవన నాణ్యత యనగా, తాను జీవించు సంస్కృతి, విలువల నడుమ, తన ఆశయములను, అపేక్షలను, ప్రమాణములను, చింతలను బట్టి మనుష్యుడు తన స్థితిని తాను గ్రహించు తీరు. ఈ నిర్వచనమును యుద్ధరంగమునకు అన్వయించినచో ఒక సత్యము స్పష్టమగును. కష్టమును యుద్ధము కల్పించును గాని, ఆ కష్టమును కొలుచు కొలబద్దను సైనికుడు తన యింటినుండియే వెంట తెచ్చుకొనును.

ఈ విషయమున మిక్కిలి విస్తారమైన సాక్ష్యము మొదటి ప్రపంచ యుద్ధమున ఫ్రాన్సు, బెల్జియము దేశములలో పోరాడిన భారత సైనిక దళము వలన లభించుచున్నది. లాహోరు, మీరటు డివిజనులు 1914 సెప్టెంబరు చివర మార్సే రేవున దిగనారంభించి, ఆ మరుసటి మాసములోనే ఈప్రు ప్రాంతపు పోరులోనికి పంపబడెను. సర్ జేమ్స్ విల్‌కాక్స్ సేనాపతిగా నున్న ఈ దళములో సిక్కులు, పంజాబీ ముసల్మానులు, పఠానులు, జాట్లు, డోగ్రాలు, గఢవాలీలు, గూర్ఖాలు ఉండిరి. వీరిలో అధిక సంఖ్యాకులు సేద్యము చేసికొను కుటుంబముల బిడ్డలు. సిపాయి నెలజీతము 11 రూపాయలు. ఉష్ణదేశమునకు తగిన పలుచని ఖాకీ దుస్తులతో ఓడ దిగినవారికి, ముందెన్నడును చూడని ఉత్తర ఐరోపా శీతకాలము కొద్ది వారములలోనే ఎదురయ్యెను. అయినను హోలెబెక్ దగ్గర అక్టోబరు 31న 129వ బలూచీ దళమునకు చెందిన ఖుదాదాద్ ఖాన్ చూపిన సాహసమునకు విక్టోరియా క్రాస్ ప్రదానము చేయబడెను. భారతీయ సిపాయికి ఆ పతకము లభించుట అదియే ప్రథమము. నవంబరులో ఫెస్టుబెర్ దగ్గర దర్వాన్ సింగ్ నేగీ, 1915 మార్చిలో న్యూవ్ షాపెల్ దగ్గర ప్రాణములర్పించిన గబ్బర్ సింగ్ నేగీ, ఇరువురును 39వ గఢవాల్ రైఫిల్సు వారే, ఆ గౌరవమును పొందిరి.

ఇట్టి ధైర్యమునకు ఆధారమేమి? నాటి అధికారులు దీనికి జాతి గుణము కారణమనిరి. కాని సిపాయిలు ఇండ్లకు వ్రాసిన ఉత్తరములను చూచినచో వేరొక కారణము కనబడును. భారతీయుల ఉత్తరములను పరిశీలించుటకు ఇండియన్ సివిల్ సర్వీసు ఉద్యోగియగు ఈవ్‌లిన్ హావెల్ అధిపతిగా ఒక తనిఖీ కార్యాలయము నెలకొల్పబడెను. ఆ కార్యాలయము అనువదించి భద్రపరచిన ఉత్తర భాగములు నేటికిని చరిత్రకారులకు పెన్నిధి. వానిలో పదేపదే వచ్చు మాటలు పంటను గూర్చినవి, ఎద్దును గూర్చినవి, తాకట్టులోనున్న పొలమును గూర్చినవి, చెల్లెలి పెండ్లిని గూర్చినవి, దాయాదుల వ్యాజ్యమును గూర్చినవి. గుండ్లవాన నడుమ కూర్చున్నవాడు ఊరిలో వాన కురిసినదా యని అడుగుట మనకు వింతగా తోచవచ్చును. అతనికి అది వింత కాదు, అతని బ్రతుకు యావత్తు అక్కడనే యున్నది. రెజిమెంటు అతని ఊరికి పొడిగింపు. ప్రక్కనున్న సిపాయి పొరుగూరివాడు, సుబేదారు తండ్రికి తెలిసినవాడు; కందకములో వెనుకడుగు వేసినచో ఆ వార్త ఊరి రచ్చబండకు చేరితీరును. ఇజ్జత్ (పరువు) అని వారు పలికిన మాటలో భయముకంటె ఈ బంధుత్వ బలమే అధికము.

కావుననే ఆ బంధము తెగినపుడు వారి స్థితి వేగముగా దిగజారెను. ఒక్కొక్క పటాలములో బ్రిటిషు అధికారులు సుమారు పన్నెండుగురు మాత్రమే యుండిరి. సిపాయిల భాష నేర్చి, వారి ఊళ్లపేర్లు, కుటుంబ స్థితిగతులు ఎరిగిన ఆ అధికారులు మొదటి మాసములలోనే నేలకొరిగిరి. వారి స్థానమున వచ్చినవారికి భాషయే రాదు. ఖాళీలను నింపుటకు ఇతర రెజిమెంట్లనుండి పంపబడిన సైనికులు అపరిచితుల నడుమ పడిరి. గాయపడి కోలుకొన్నవానిని తిరిగి పోరునకే పంపు పద్ధతి సిపాయిలకు మరింత దుర్భరముగా తోచెను. ఒకసారి రక్తము చిందించినవాడు తన ఋణమును తీర్చుకొన్నట్లే యని వారు తలంచుచుండిరి. ఉద్యోగ నిబంధన అట్టిది కాదు. ఈ భేదమును నాటి సైనిక యంత్రాంగము గ్రహింపకపోవుట వలన ఉత్తరములలో నైరాశ్యము పెరిగెను. మిరియాలు, ఎర్ర మిరపకాయలు అను సంకేతములతో భారత, బ్రిటిషు సైనికుల నష్టములను సూచించి, ఇంటివారిని సైన్యములో చేరవద్దని హెచ్చరించిన ఉత్తరములును ఆ కాలమువే.

చదువు ఈ కథలో ఒక ప్రత్యేక స్థానమును పొందినది. సిపాయిలలో అధికులు నిరక్షరాస్యులగుటచే ఉత్తరమును మరియొకనిచేత వ్రాయించుకొనిరి. ఊరిలో దానిని పదిమంది ఎదుట చదివి వినిపించిరి. భార్యతో చెప్పవలసిన మాటను లేఖకుని ఎదుట పలుకవలెను, బావమరది చదువగా ఆమె వినవలెను. అక్షరము రానివానికి ఏకాంతము లేదు. యుద్ధరంగమునందు ఏకాంతము ఎంతటి ఆహారమో ఆలోచించినచో, ఈ లోపము చలికంటె చిన్నది కాదని ఈ వ్యాసకర్త అభిప్రాయము. ఇంకొక విశేషమును ఇచట చెప్పవలెను. ఫ్రెంచి పల్లెలలో బస చేసిన సిపాయిలు, అచటి స్త్రీలు చదువుకొని పొలమును, లెక్కలను, ఇంటిని తామే నిర్వహించుకొనుట చూచి, తమ బాలికలను బడికి పంపుడని ఇండ్లకు వ్రాసిరి. పూర్వజీవితము సైనికునికి కొలబద్దనిచ్చునను మాట నిజమే. ఆ కొలబద్దయే యుద్ధభూమిలో మారుటకును అవకాశము కలదు.

మతాచారముల విషయమున ప్రభుత్వము విశేష శ్రద్ధ వహించెను. ఇంగ్లండులోని బ్రైటను నగరపు రాజప్రాసాదము, రాయల్ పెవిలియన్, 1914 చివర భారతీయ క్షతగాత్రులకు వైద్యశాలగా మార్చబడెను. అచట ముసల్మానులకును, మాంసాహారులగు హిందువులకును, శాకాహారులకును వంటశాలలు వేరువేరుగా నుండెను. హిందువులకు, ముసల్మానులకు మంచినీటి కొళాయిలు వేరు. పచ్చికపై గుడారమున గురుద్వారము. మరణించిన హిందువులను, సిక్కులను పాచమ్ సమీపపు కొండలపై దహనము చేసిరి, అట్లు దహింపబడినవారు 53 మంది. ఆ స్థలమున 1921లో ఛత్రి అను స్మారక మండపము ఆవిష్కరింపబడెను. ముసల్మానులకు వోకింగ్ దగ్గర శ్మశానవాటిక కేటాయింపబడెను. ఈ ఏర్పాటులలో రాజకీయ ప్రయోజనము లేకపోలేదు. అయినను మరణానంతరము తన దేహమునకు తన ఆచారము ప్రకారము సంస్కారము జరుగునను నమ్మకము సిపాయికి ఎట్టి ఊరటనిచ్చినదో ఊహింపగలము.

కాని కుల వ్యవస్థ కూడ ఓడనెక్కి వచ్చినది. బ్రాకెన్‌హర్స్టు సైనిక వైద్యశాలలో పారిశుద్ధ్యపు పని చేసి 1915లో మరణించిన సుఖా అను సేవకుని సమాధి అచటి సెయింట్ నికొలస్ చర్చి ఆవరణములో నున్నది. శిలాఫలకమును స్థానిక క్రైస్తవులు నెలకొల్పిరి. సైన్యమును వెన్నంటి పోయిన పాకీవారు, చాకలివారు, నీరు మోయు భిస్తీలు, వంటవారు మొదలగు అనుచరుల జీవనమును గూర్చి వ్రాతమూలక సాక్ష్యము అత్యల్పము. పూర్వజీవితమున అట్టడుగున నున్నవారు దస్తావేజులలోను అట్టడుగుననే మిగిలిరి. అట్లే బ్రైటనులోని కిచెనర్ వైద్యశాలలో రోగులు బయటకు పోకుండ ముళ్లతీగె, కావలి ఏర్పాటు చేయబడుట సిపాయిల ఆత్మగౌరవమును గాయపరచెను. ఆ వైద్యశాలకు అధిపతియగు కల్నల్ బ్రూస్ సెటన్ ఒక మేలైన పనియు చేసెను. భారతీయులు యుద్ధమును తప్పించుకొనుటకై తమ చేతులను తామే కాల్చుకొనుచున్నారను అనుమానము 1914 శీతకాలమున వ్యాపింపగా, అతడు వేయి గాయములను పరీక్షించి, ఆ అనుమానమునకు ఆధారము లేదని తేల్చెను. సైనికుని పుట్టుకను బట్టి అతని గాయమును సందేహించుట కంటె క్రూరమైన అవమానము వేరొకటి లేదు.

1915 చివర పదాతి డివిజనులు మెసపొటేమియాకు తరలింపబడెను, అశ్వికదళములు 1918 వరకు ఫ్రాన్సులోనే నిలిచెను. న్యూవ్ షాపెల్ స్మారకముపై సమాధి తెలియని 4,700 మందికి పైగా భారతీయుల పేర్లు చెక్కబడియున్నవి.

బ్రిటిషు సైన్యములోనే పూర్వజీవిత ప్రభావము మరియొక రూపమున, వ్యాధి రూపమున, బయటపడెను. గుండ్ల ప్రేలుడు ధ్వనులవలన కలుగు మనోవికారమును గూర్చి సి. ఎస్. మైయర్సు 1915 ఫిబ్రవరిలో లాన్సెట్ పత్రికలో వ్రాసిన పిదప ‘షెల్ షాక్’ అను పేరు లోకమున వ్యాపించెను. డబ్ల్యు. హెచ్. ఆర్. రివర్సు అను వైద్యుడు మొదట మాఘల్ వైద్యశాలలో సామాన్య సైనికులను, తరువాత ఎడింబరో సమీపపు క్రెయిగ్‌లాక్‌హార్టు వైద్యశాలలో అధికారులను చికిత్స చేసెను. (నీలగిరులలోని తోడాలను గూర్చి 1906లో ప్రామాణిక గ్రంథమును వెలువరించిన రివర్సు ఈయనయే, మానవ సమాజముల ఆచారములను చదివిన కన్నుతో రోగులను చూచుట ఆయనకు అలవడినది.) సామాన్య సైనికులలో మూగతనము, పక్షవాతము, చూపు పోవుట వంటి శరీర లక్షణములు ఎక్కువగా కనబడగా, అధికారులలో నిద్రలేమి, పీడకలలు, ఎడతెగని ఆందోళన ప్రబలముగా నుండెను. సంపన్నుల పాఠశాలలలో భయమును బయటపెట్టరాదని బాల్యమునుండి నేర్చిన అధికారి, తన క్రిందివారి ప్రాణభారమును కూడ మోయుచు, భయమును లోననే అణచుకొనుటచే మనస్సు నలిగెననియు, అట్టి శిక్షణ లేని సైనికునికి శరీరమే మొఱపెట్టెననియు రివర్సు వివరించెను. తదనంతర పరిశోధకులు ఈ విభాగమును ఇంత నిర్దుష్టముగా అంగీకరింపలేదు. అధికారికి ఒక రోగనామమును, సైనికునికి వేరొక రోగనామమును ఇచ్చుటలో వైద్యుల వర్గదృష్టికిని కొంత పాలు కలదని వారు చెప్పిన మాట ఆలోచింపదగినది.

ఆ యుద్ధమున పదాతిదళ వైద్యుడుగా పనిచేసిన లార్డ్ మోరన్ 1945లో ప్రకటించిన గ్రంథమున ధైర్యమును బ్యాంకులోని నిల్వ సొమ్ముతో పోల్చెను: ప్రతివాడును ఎంతో కొంత మూలధనముతో వచ్చును, నిత్యము వ్యయము చేయుచుండును, నిల్వ అడుగంటిన నాడు కూలును. మూలధనము పూర్వజీవితము నుండి వచ్చునది. వ్యయపు వేగమును నిర్ణయించునది సైన్యము. 1946లో అమెరికన్ పరిశోధకులు ఆపెల్, బీబీ అనువారు ఎంతటి దృఢకాయుడైనను పోరాట దినములు 200 నుండి 240 వరకు గడచునప్పటికి పదాతి సైనికుడు శిథిలుడగునని అంచనా వేయుట ఈ భావమునకు బలము చేకూర్చినది.

పూర్వజీవితమును సంఖ్యలతో కొలిచిన మొట్టమొదటి మహాప్రయత్నము రెండవ ప్రపంచ యుద్ధకాలపు అమెరికా సైన్యమున జరిగినది. శామ్యూల్ స్టౌఫర్ నాయకత్వమున సైన్య పరిశోధక శాఖ అయిదు లక్షలకు పైబడిన సైనికులను ప్రశ్నించెను. ఫలితములు 1949లో ‘ది అమెరికన్ సోల్జర్’ అను పేర వెలువడెను. పల్లెటూరివాడు కష్టమునకు అలవాటుపడినవాడు గావున సైన్యములో ఉల్లాసముగా నుండుననియు, చదువుకొన్నవాడు సుకుమారుడు గావున మనోవ్యాధికి సులభముగా లోనగుననియు, ఉష్ణప్రాంతమున పుట్టినవాడు ఉష్ణద్వీపములలో మేలుగా నిలుచుననియు ఎవరైనను అనుకొందురు. పరిశోధన ఈ మూడింటికిని వ్యతిరేకముగా తేల్చినది. మనోవ్యాధి లక్షణములు తక్కువ చదివినవారిలోనే అధికము. గ్రామీణులు నగరవాసుల కంటె ఉత్సాహవంతులు కారు. దక్షిణ రాష్ట్రముల వారు పసిఫిక్ దీవుల వేడిని ఉత్తరాదివారికంటె మేలుగా ఓర్వలేదు. నీగ్రో సైనికులు తెల్లవారికంటె అధికముగా చిన్న అధికారి పదవులను కోరిరి. దక్షిణాది నీగ్రోలు తమ ప్రాంతపు తెల్ల అధికారులకంటె ఉత్తరాది తెల్ల అధికారులనే ఇష్టపడిరి. తెలిసిన ఊరివాడు మేలను సూత్రము, ఆ ఊరిలో తనకు జరిగినది అన్యాయమైనపుడు తారుమారగుట సహజము.

ఈ ఫలితములను వివరించుటకు స్టౌఫర్ బృందము ‘సాపేక్ష లేమి’ అను భావనను వాడెను. మనుష్యుడు తన స్థితిని ఎవరితో పోల్చుకొనునో వారిని బట్టి అతని సంతృప్తి మారును. పదోన్నతులు అరుదైన సైనిక పోలీసు శాఖవారు, పదోన్నతులు సులభమైన వైమానిక శాఖవారికంటె ఆ విషయమున తృప్తిగా నుండిరి. ప్రక్కవానికి రానిది తనకు రాకున్నను బాధ తక్కువ. వివాహితుడు తోటి అవివాహిత సైనికునితో పోల్చుకొని, తాను వదలివచ్చినది ఎక్కువ యని భావించెను. ఊరిలోనే మిగిలిన వివాహిత మిత్రునితో పోల్చుకొని, తనకే ఈ పిలుపు ఏల వచ్చినదని చింతించెను. వయస్సు మీరినవానిదియు ఇదే స్థితి. ఇచట పంజాబీ సిపాయిని తలచుకొనుట ఉచితము. అతడు స్వచ్ఛందముగా చేరినవాడు, చుట్టునున్నవారు తన ఊరివారు, పోల్చుకొనుటకు తోడివాడు తనవంటివాడే. నిర్బంధముగా పిలువబడి అపరిచితుల నడుమ నిలిచిన అమెరికన్ రైతుబిడ్డకు గ్రామీణ జన్మము అట్టి కవచమును ఈయలేకపోయినది. ఒకే పూర్వజీవితము రెండు సైన్యములలో రెండు విధముల ఫలించుటకు కారణమిదియే.

ఇట్లుండగా భారతదేశమున బ్రిటిషు పాలకులు ‘యుద్ధజాతులు’ అను సిద్ధాంతముతో పుట్టుకకే శౌర్యమును ముడిపెట్టిరి. 1880 దశకమున మద్రాసు సైన్యమునకు, తరువాత భారత సైన్యమునకు అధిపతియైన ఫ్రెడరిక్ రాబర్ట్సు దక్షిణాదివారు దీర్ఘశాంతిచే పోరాట గుణమును కోల్పోయిరని నమ్మెను. దాని ఫలితముగా, పద్దెనిమిదవ శతాబ్దినుండి తెలుగువారిని, తమిళులను, దక్షిణాది ముసల్మానులను కూర్చుకొని పోరాడిన మద్రాసు పదాతి పటాలములు అనేకము రద్దగుటయో, ఉత్తరాదివారితో నింపబడుటయో సంభవించెను. సైనిక ఇంజనీరింగు దళమగు మద్రాసు సాపర్లు మాత్రము చెక్కుచెదరక నిలిచిరి. రెండవ ప్రపంచ యుద్ధకాలమున మద్రాసు రెజిమెంటు పునరుద్ధరింపబడుటయే ఆ సిద్ధాంతమునకు చరిత్ర ఇచ్చిన ఖండనము. తాడేపల్లిగూడెము సమీపమునందలి మాధవరము తరతరములుగా సైనికులను పంపుచు ‘మిలిటరీ మాధవరము’ అని ప్రసిద్ధి గాంచినది. తాతయు తండ్రియు పటాలములో నుండివచ్చిన ఇంటి బాలునికి సైనిక జీవితపు కాఠిన్యము క్రొత్త కాదు. సెలవు ఎప్పుడు దొరకును, జీతములో ఎంత ఇంటికి పంపవలెను, ఉత్తరములో ఏమి వ్రాయరాదు అనునవి అతనికి ముందే తెలియును. శౌర్యము రక్తములో నున్నదా లేదా యను తర్కముకంటె ఈ ఎరుక విలువైనది.

శరీర సంబంధమైన పూర్వస్థితి హిమాలయ సరిహద్దులలో ప్రాణప్రశ్నయగును. 1962 యుద్ధమున మైదానములనుండి నేరుగా ఎత్తు ప్రదేశములకు, పలువురు నూలు దుస్తులతోనే, తరలింపబడిన సైనికులు పర్వతవ్యాధులచే బాధపడిరి. ఇందర్ సింగ్ మొదలగు సైనిక వైద్యులు 1,925 మంది సైనికులను పరిశీలించి 1969లో ప్రకటించిన వ్యాసము ఈ విషయమున ప్రపంచ ప్రసిద్ధము. నేడు మైదానవాసియైన సైనికుని మూడు దశలలో, 9,000 అడుగులకు పైన ఆరు దినములు, 12,000 అడుగులకు పైన నాలుగు దినములు, 15,000 అడుగులకు పైన మరి నాలుగు దినములు నిలిపి అలవాటు చేసిన పిదపనే పైకి పంపుదురు. కొండలలో పుట్టినవాడును సెలవుపై మైదానమునకు దిగి తిరిగి ఎక్కినపుడు ఊపిరితిత్తులలో నీరుచేరు వ్యాధికి లోను కావచ్చును; అందువలన పుట్టుక యిచ్చు రక్షణ శాశ్వతము కాదు. 1984 ఏప్రిల్ 13న మేఘదూత్ చర్యతో భారత సేన నిలిచిన సియాచిన్ హిమానీనదముపై శత్రువుకంటె శీతలమే అధిక ప్రాణములను హరించినది. 2016 ఫిబ్రవరి 3న అచట సుమారు 19,600 అడుగుల ఎత్తున మంచుచరియ క్రింద కూరుకుపోయిన పదిమంది 19వ మద్రాసు పటాలమువారు. ఉష్ణమండలమున పుట్టి పెరిగినవారు.

భాషను గూర్చి పరిశోధనలు తక్కువ మాటలాడినను, తెలుగు సైనికునికి అది నిత్యానుభవము. పలు రాష్ట్రములవారు కలసియుండు విభాగములలో హిందీ నేర్చినవాడు త్వరగా కలసిపోవును. నేర్వనివాడు గుంపులో నుండియు ఒంటరివాడగును. ఒంటరితనము కావలి రాత్రులలో ఎంత బరువో అనుభవించినవారే చెప్పగలరు. ఒక్క తెలుగువాడు తోడుగా దొరికినచో ఆ బరువు సగమగును. పటాలముల కూర్పున ఈ చిన్న విషయమును అధికారులు మరువరాదు.

చివరగా ఇంటి చింత. ఫ్రాన్సునుండి వ్రాసిన ఉత్తరములలో భూమి తగవు ఎంత ప్రముఖముగా కనబడెనో ముందే చెప్పబడెను. వాయిదాకు హాజరు కాజాలని సిపాయిపై ఏకపక్షముగా తీర్పు వచ్చునను భయము అతని నిద్రను హరించుచుండెను. ఈ భయమును చట్టము గుర్తించుట సైనిక సంక్షేమ చరిత్రలో గణనీయమైన ఘట్టము. 1918లో మొదట, పిదప మరింత సమగ్రముగా 1925 నాటి భారతీయ సైనికుల వ్యాజ్యముల చట్టముచే, యుద్ధములోనో, ఇతర ప్రత్యేక పరిస్థితులలోనో పనిచేయుచున్న సైనికునికి ప్రాతినిధ్యము లేనిచో సివిలు, రెవిన్యూ న్యాయస్థానములు విచారణను నిలిపి సైనికాధికారులకు తెలియజేయవలెనని విధింపబడినది. ఆ చట్టము నేటికిని అమలులో నున్నది. సరిహద్దున నున్న సైనికుని పొలము తగవు విచారణకు వచ్చినపుడు అతని తరఫున తండ్రియో భార్యయో జిల్లా కలెక్టరు కార్యాలయమున దీనినే ఆశ్రయింపవచ్చును.